మీ ఇల్లు మెరకలో ఉందా, పల్లంలో ఉందా?

2024 అక్టోబర్ 29 సాయంత్రం. స్పెయిన్‌లో వాలెన్సియా నగరాన్ని ఆనుకుని ఉన్న పైపోర్టా లాంటి పట్టణాల్లో చెప్పుకోదగ్గ వానే లేదు. జనం పనులు ముగించుకుని ఇళ్లకు వస్తున్నారు. వాన పడింది ఎగువన. చీవా అనే ఊళ్లో ఎనిమిది గంటల్లో 491 మిల్లీమీటర్లు కురిసింది, అంటే అక్కడ దాదాపు ఏడాదంతా పడే వాన. ఆ నీళ్లన్నీ ఎక్కువ రోజులు ఎండిపోయి కనిపించే ఒక వాగులో పడి కిందికి ఉరికాయి. ఫోన్లకు హెచ్చరిక మోగేసరికి రాత్రి ఎనిమిది దాటింది. అప్పటికే వీధుల్లో నీళ్లు. కారు మునిగిపోతుందేమోనని సెల్లార్‌లోకి దిగినవాళ్లలో కొందరు మళ్లీ పైకి రాలేదు. ఆ వరదల్లో మొత్తం 220 మందికి పైగా చనిపోయారు.

అంతకు ముందు రోజు అక్కడివాళ్లను "మీ ఊరు సేఫేనా?" అని అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లు? బాగా ఉన్న దేశం, మంచి రోడ్లు, పనిచేసే వాతావరణ శాఖ, దగ్గర్లో ఆసుపత్రులు. సేఫే అనేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఊరు మొత్తాన్ని ఒకేసారి త్రాసులో పెడితే ఇంతకన్నా మంచి జవాబు రాదు. ప్రమాదం ఊరంతా సమంగా పరుచుకుని ఉండదు మరి. ఒక వీధికి ఒకలా, పక్క వీధికి ఇంకోలా ఉంటుంది. ఒకే బిల్డింగ్‌లో సెల్లార్‌కి, మూడో అంతస్తుకి కూడా పోలిక ఉండదు.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మనం గాలి, వెలుతురు, అద్దె, స్కూలు దూరం, పార్కింగ్ అన్నీ చూస్తాం. గోడ మీద పాత నీటి చార ఎంత ఎత్తులో ఉందో మాత్రం చూడం. కొత్తగా రంగు వేసి ఉంటే అసలు కనిపించదు కూడా.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. మనం "విపత్తు" అని ఒకే మాటతో చెప్పేదాంట్లో మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి, వచ్చే ముప్పు: భూకంపం, వరద, కార్చిచ్చు, ఏదైనా కావచ్చు. రెండు, ఆ ముప్పు దారిలో మనం ఉన్నామా అన్నది. మూడు, తగిలితే తట్టుకునే స్థితిలో ఉన్నామా అన్నది. మొదటిది మన చేతిలో లేదు. మిగతా రెండూ చాలావరకు మన చేతిలోనివే.

2010లో రెండు పెద్ద భూకంపాలు వచ్చాయి. జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో, ఫిబ్రవరిలో చిలీలో 8.8 తీవ్రతతో. ఈ స్కేలు మీద ఆ తేడాకు అర్థం, చిలీలో విడుదలైన శక్తి దాదాపు 500 రెట్లు ఎక్కువని. చిలీలో చనిపోయినవాళ్లు 500 పైచిలుకు. హైతీలో ప్రభుత్వ లెక్కే మూడు లక్షలు దాటింది. ఆ లెక్క మరీ ఎక్కువని వాదించేవాళ్లు కూడా పదివేలల్లో చెబుతారు తప్ప వందల్లో కాదు. హైతీ భూకంపం రాజధానికి పక్కనే, తక్కువ లోతులో పుట్టడం ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం భవనాలు. 1960లో 9.5 తీవ్రత భూకంపాన్ని చవిచూసిన చిలీ, ఆ తర్వాత కట్టడాల నిబంధనలను గట్టిగా పట్టుకుంది. హైతీలో అప్పటికి నిబంధన అన్న మాటకే దిక్కు లేదు. కాబట్టి "మా ప్రాంతంలో భూకంపాలు వస్తాయా?" అని అడగడంతో పని అయిపోదు. ఏ కాలంలో, ఎవరి పర్యవేక్షణలో కట్టిన ఇంట్లో పడుకుంటున్నామన్నది కూడా అడగాలి.

కింద ఏ నేల ఉందన్నది కూడా అంతే ముఖ్యం. 1985 సెప్టెంబర్ 19న మెక్సికో పసిఫిక్ తీరంలో భూకంపం వచ్చింది. అక్కడికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెక్సికో సిటీలో వేలమంది చనిపోయారు. కేంద్రానికి దగ్గరగా, గట్టి రాతి మీద ఉన్న తీరప్రాంత పట్టణాల్లో అంత విధ్వంసం జరగలేదు. ఇదెలా? మెక్సికో సిటీలో చాలా భాగం ఒకప్పటి చెరువు అడుగు. టెక్స్‌కోకో అనే పెద్ద సరస్సును ఎండగట్టి దాని మీద నగరం పెరిగింది. ఆ మెత్తటి బంకమట్టి, గిన్నెలో జున్నులా ఊగుతుంది. అది రెండు సెకన్లకోసారి ఊగితే, అదే లయలో ఊగే ఎత్తున్న భవనాలు, సుమారు ఆరు నుంచి పదిహేను అంతస్తులవి, ఊయలలా అందుకుని కూలాయి. పక్కనే ఉన్న పొట్టి ఇళ్లలో చాలావాటికి అంత దెబ్బ తగల్లేదు. అదే నగరంలో రాతినేల మీద కట్టిన పేటలు కొద్దిపాటి నష్టంతో బయటపడ్డాయి.

2011లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఇంకో రకంగా జరిగింది. నీళ్లు నిండిన ఇసుకనేల కుదుపుకి బురదలా మారిపోయి, ఇళ్లు నిలబడే కుంగాయి. చివరికి ఎనిమిది వేల దాకా ఇళ్లున్న పేటలను ఇక పనికిరావని వదిలేశారు. చెరువు పూడ్చిన స్థలం, నది పాత పాయ, సముద్రాన్ని మట్టితో నింపి చేసిన నేల... ప్లాటు అమ్మేవాళ్లు ఈ మాటలు వాడరు. పాత మ్యాపుల్లో మాత్రం దొరుకుతాయి. కొన్నిసార్లు వీధి పేరులోనే చెరువు, వాగు, గట్టు అని ఉంటుంది, మనం రోజూ పలుకుతూనే దాటేస్తాం.

నీళ్ల సంగతికి వస్తే, నీరు పల్లమెరుగు అని సామెత ఉండనే ఉంది. పల్లం ఏదో నీటికి తెలుసు, మనకే తెలియదు. పైకి చదునుగా కనిపించే కాలనీలో కూడా ఒక చివరకీ ఇంకో చివరకీ రెండు మీటర్ల తేడా ఉండొచ్చు. వరదకి ఆ రెండు మీటర్లే ప్రాణం.

జపాన్ ఈశాన్య తీరంలో అనెయోషి అనే చిన్న పల్లె ఉంది. అక్కడ కొండ వాలు మీద, రోడ్డు పక్కన ఒక రాయి నిలబెట్టి ఉంటుంది. "ఇక్కడికన్నా కింద ఇళ్లు కట్టొద్దు" అని దాని మీద చెక్కారు. 1896లోనూ 1933లోనూ సునామీలు వచ్చి ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, మిగిలినవాళ్లు పాతిన రాయి అది. చేపలు పట్టేవాళ్లకి సముద్రం ఒడ్డునే ఇల్లుంటే ఎంత సుఖమో ఊహించుకోవచ్చు. అయినా రోజూ కొండెక్కి దిగుతూ ఆ మాటకి కట్టుబడ్డారు. 2011 మార్చి 11న ఆ లోయలోకి దూసుకొచ్చిన సునామీ నీళ్లు దాదాపు 39 మీటర్ల ఎత్తు దాకా ఎగబాకి, ఆ రాయికి కొద్ది దూరం కింద ఆగాయి. పైన ఉన్న ఇళ్లు అలాగే ఉన్నాయి. అలాంటి రాళ్లు ఆ తీరం పొడవునా చాలా ఉన్నాయి. ఎక్కువచోట్ల వాటి మాట మరిచి కిందికి దిగిపోయారు.

మరిచిపోవడానికి ఒక కారణం మనసుదైతే, ఇంకో కారణం లెక్కలది. "వందేళ్లకోసారి వచ్చే వరద" అన్న మాట చేసినంత అపకారం ఇంకేదీ చేయలేదనిపిస్తుంది నాకు. మొన్ననే వచ్చింది కాబట్టి ఇక వందేళ్ల దాకా నిశ్చింత అని వినేవాళ్లకి అనిపిస్తుంది. అసలు అర్థం, ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. వరసగా రెండేళ్లు కూడా రావచ్చు. ముప్పై ఏళ్ల హోమ్‌లోన్ కట్టే కాలంలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. నాలుగు లాటరీ చీటీల్లో ఒకటి తీసినట్టు. విమానం ఎక్కేముందు ఈ లెక్క చెబితే ఎవరూ ఎక్కరు.

కరకట్ట ఉందిగా అంటారు. కరకట్టతో వచ్చే చిక్కు కూడా అక్కడే ఉంది. చిన్న వరదలను అది ఆపుతుంది కాబట్టి, దాని వెనక పల్లంలో ధైర్యంగా ఇళ్లు లేస్తాయి. పెద్ద వరద వచ్చి కట్ట తెగిన రోజు ముందుకన్నా ఎక్కువమంది మునుగుతారు. అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే ఈ సంగతి చెప్పాడు: వరదను పంపేది దేవుడే కావచ్చు, వరద నష్టం మాత్రం చాలావరకు మనిషి చేసుకునేదే అన్నది ఆయన మాటల సారం. 2005లో కత్రినా తుఫాను సమయంలో న్యూ ఆర్లీన్స్‌లో కట్టలు, గోడలు తెగి నగరంలో 80 శాతం నీళ్లలో ఉండిపోయింది. ఆ నగరంలో సముద్రమట్టానికి కిందున్న పేటలు చాలా ఉన్నాయి. పాతకాలం వాళ్లు నది ఒడ్డున మెరక చూసి కట్టుకున్న ఫ్రెంచ్ క్వార్టర్ మాత్రం దాదాపు పొడిగానే మిగిలింది.

ఇక మ్యాపుల సంగతి. చాలా దేశాల్లో ముంపు మ్యాపులు, భూకంప మండలాల మ్యాపులు ఎవరైనా చూసుకునేలా ఉన్నాయి. తప్పకుండా చూడాలి. కానీ మ్యాపు ఉండటం వేరు, అది మన అడుగుల్ని కదిలించడం వేరు. కొలంబియాలో అర్మేరో అనే పట్టణం నెవాడో డెల్ రూయీస్ అగ్నిపర్వతానికి సుమారు 48 కిలోమీటర్ల దూరంలో ఉండేది. కొండ మీద మంచు కరిగితే వచ్చే బురద వరద ఎంతవరకు పారుతుందో చూపించే మ్యాపును 1985 అక్టోబర్‌లో తయారుచేశారు. అర్మేరో అందులో ముప్పు ప్రాంతంలోనే ఉంది. అసలు ఆ పట్టణమే 1845లో వచ్చిన బురద పేరుకుని గట్టిపడిన నేల మీద కట్టినది, పంటలు బాగా పండే నేల. నవంబర్ 13 రాత్రి తొమ్మిది దాటాక కొండ పేలింది. బురద ఊరికి చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఊరికి దగ్గర్లోనే ఎత్తయిన నేల ఉంది. ఆ రెండు గంటలూ జనం ఇళ్లలోనే ఉండిపోయారు. 20 వేల మందికి పైగా చనిపోయారు.

ఈ రెండు గంటల దగ్గర కాస్త ఆగాలి. నా మట్టుకు, ఉంటున్న చోటును తూచడానికి ఇంతకన్నా పనికొచ్చే కొలత లేదు. ముప్పు తెలిసిన క్షణం నుంచి అది గుమ్మం తొక్కేదాకా ఎంత సమయం దొరుకుతుంది? మనం బయటపడటానికి ఎంత సమయం పడుతుంది? మొదటిది రెండోదానికన్నా ఎక్కువైతే చాలావరకు బతికినట్టే. తుఫానుకి రోజులు దొరుకుతాయి. వడగాలికీ అంతే. దగ్గర్లో పుట్టిన సునామీకి పదుల నిమిషాలు, ఉన్నట్టుండి ముంచెత్తే మెరుపు వరదకి కొన్నిసార్లు అవి కూడా ఉండవు. భూకంపానికి సెకన్లే, అందుకే దాని విషయంలో పారిపోవడం కాదు, ఇల్లు నిలబడటమే రక్ష.

రెండో గడియారాన్ని, అంటే మనం బయటపడటానికి పట్టే సమయాన్ని, ఎవరూ పట్టించుకోరు. కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే పట్టణం రెండు లోయల మధ్య కొండ గట్టు మీద ఉంది, 2018లో జనాభా సుమారు 26 వేలు. పైన్ చెట్లు, ప్రశాంతత, పేరు కూడా స్వర్గమే. కిందికి దిగే ప్రధాన రోడ్లు నాలుగే. కార్చిచ్చు భయం వాళ్లకు తెలుసు. పేటలవారీగా ఖాళీ చేయించే ప్లాన్ రాసుకున్నారు, రిహార్సల్ కూడా చేశారు. 2018 నవంబర్ 8 ఉదయం ఆరున్నరకి కొన్ని కిలోమీటర్ల దూరంలో మంట మొదలైంది. ఎనిమిదికల్లా నిప్పురవ్వలు ఊళ్లో పడ్డాయి. పేటలవారీగా అన్న ప్లాన్‌కి సమయం లేదు, ఊరంతా ఒకేసారి రోడ్డెక్కింది. బంపర్‌కి బంపర్ ఆనుకుని కార్లు ఆగిపోయాయి, పట్టపగలు చీకటి పడింది. ఆ మంటల్లో 85 మంది చనిపోయారు. చాలామంది ముసలివాళ్లు, ఇల్లు దాటలేకపోయినవాళ్లు.

ఆ ఊరి ఫోటోల్లో ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇల్లు బూడిదైపోయింది, పక్కన చెట్టు పచ్చగానే ఉంది. ఇళ్లను కాల్చింది మంటల గోడ కన్నా ఎక్కువగా గాలికి ఎగిరొచ్చిన రవ్వలే. చూరు కన్నంలో, వాన గొట్టంలో పేరుకున్న ఎండుటాకుల్లో, గోడకి ఆనించిన కట్టెల్లో పడి అంటుకున్నాయి. ఇంటి చుట్టూ మొదటి ఒకటిన్నర మీటరు శుభ్రంగా, కాలేవి లేకుండా ఉంచమని అగ్నిమాపక నిపుణులు పట్టుబట్టేది అందుకే. అడవి పక్కనుండే ఇంటికి ఇంతకన్నా చవకైన రక్షణ లేదు.

ఏ అంతస్తు మంచిది అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. వరదకి సెల్లార్ మృత్యుద్వారం. 2021 సెప్టెంబర్‌లో ఐడా తుఫాను వానలకి న్యూయార్క్ నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లే. సుడిగాలి వచ్చే ప్రాంతంలో అదే బేస్‌మెంట్ దిక్కు. ఇరవయ్యో అంతస్తు వరదకి భద్రం, కానీ కరెంటు పోతే లిఫ్ట్ లేదు, మోటారు ఆడదు, కుళాయి రాదు. ఐదుగురున్న ఇంటికి మనిషికి రోజుకి నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లంటే 60 లీటర్లు, 60 కిలోలు. మెట్లమీద మోసుకెళ్లడం ఎలాగో ఆలోచించండి. కింది అంతస్తు మొత్తం పార్కింగ్‌కి వదిలేసి సన్నటి పిల్లర్ల మీద నిలబెట్టిన భవనమైతే, వరదకి నయం, భూకంపానికి బలహీనం. అందుకే ముందు తేల్చుకోవాల్సింది మన చోటుకి ఏ ముప్పు ఎన్నిసార్లు వచ్చిందని. సినిమాలో చూసిన ఉల్కాపాతం గురించి కాదు, పదేళ్లలో మూడుసార్లు మునిగిన వీధి గురించి టెన్షన్ పడాలి.

చడీచప్పుడు లేకుండా చంపేది ఎండ. దానికి కూలిన గోడలుండవు, టీవీలో చూపించడానికి దృశ్యాలుండవు. 2003 వేసవిలో యూరప్‌లో సుమారు 70 వేల మంది వడగాలులకి చనిపోయారని అంచనా. 1995 జులైలో చికాగోలో కొద్దిరోజుల ఎండలకి 700 మందికి పైగా పోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. రెండింట్లోనూ పేదరికం ఎక్కువే, ఒంటరి వృద్ధులు కూడా ఉన్నారు. మరణాల రేటు మాత్రం ఒకదాంట్లో దాదాపు పది రెట్లు. తేడా వీధిలో ఉంది. ఒక పేటలో దుకాణాలు, జనం, అరుగుల మీద మాటలు. ముసలివాళ్లు బయటికి వచ్చేవాళ్లు, రాకపోతే ఎవరో ఒకరు తలుపు తట్టేవాళ్లు. ఇంకోదాంట్లో ఇళ్లు ఖాళీ అయిపోయి, వీధులు బోసిపోయి, భయంతో కిటికీలు కూడా మూసుకుని ఉండేవాళ్లు.

1995లోనే జపాన్‌లోని కోబె భూకంపంలో శిథిలాల కింద చిక్కుకుని బతికి బయటపడ్డవాళ్లలో ఎక్కువమందిని తీసింది సహాయక దళాలు కాదు, ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగూ. ఎవరు ఏ గదిలో పడుకుంటారో వాళ్లకే తెలుసు మరి. ఇల్లు వెతుక్కునేటప్పుడు ఈ సంగతిని ఏ మ్యాపూ చూపించదు. సాయంత్రం ఆరింటికి ఆ వీధిలో ఓ అరగంట నిలబడితే తెలుస్తుంది.

అసలు ఇదంతా ఎందుకు, ఎక్కడికో కొండల్లోకి వెళ్లిపోతే పోలా అనుకునేవాళ్లుంటారు. దూరపు కొండలు నునుపు. అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లోని ఆష్‌విల్ నగరానికి, సముద్రానికి దూరం, చల్లటి వాతావరణం కాబట్టి వాతావరణ మార్పుల కాలంలో మంచి ఆశ్రయమని పేరొచ్చింది. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను వాన ఆ కొండల మీద కుమ్మరించింది. వాగులు ఊళ్లను ఈడ్చుకుపోయాయి, చరియలు విరిగిపడ్డాయి. నగరంలో కుళాయి నీళ్లు మళ్లీ తాగేలా అవడానికి ఏడు వారాలు పట్టింది. కొండ ప్రాంతంలో మెరక కొండదే, ఇళ్లూ రోడ్లూ మాత్రం వాగు వెంటే ఉంటాయి. పైగా ఊరికి దూరంగా వెళితే గుండెపోటు వచ్చిన రోజు ఆసుపత్రి కూడా దూరమే. ఎప్పుడో వచ్చే ప్రళయాన్ని తప్పించుకోబోయి, ఏ ఇంటికైనా వచ్చే మామూలు అత్యవసరానికి దొరికిపోవడం తెలివైన బేరం కాదు.

ఇల్లు మారడం అందరికీ కుదరదు. ఉద్యోగం, అప్పు, పెద్దవాళ్లు, పిల్లల చదువు. పల్లంలో అద్దె తక్కువ కాబట్టే అక్కడ ఉంటున్నవాళ్లే ఎక్కువ. మారకుండానే చేయగలిగింది కూడా తక్కువేం కాదు. ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో 1970 తుఫానుకి కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. అదే డెల్టా, అదే సముద్రం, 2007లో సిడ్ర్ అనే భీకర తుఫానుకి పోయినవాళ్లు సుమారు 3,400. జనం ఆ తీరాన్ని వదిలిపోలేదు. మధ్యలో వచ్చినవి షెల్టర్లు, సైకిళ్ల మీద మైకు పట్టుకుని ఊరూరా చెప్పే వాలంటీర్లు.

ఇంటి స్థాయిలోనూ అంతే. కిట్ అనగానే అందరికీ ఒకే లిస్టు పంచుతారు గానీ, చోటుని బట్టి అది మారాలి. ఇంట్లోనే ఉండిపోవాల్సిన ముప్పుకి నీళ్లు, మందులు, టార్చి, రేడియో ఇంట్లో కావాలి. వదిలిపోవాల్సిన ముప్పుకి కాగితాలు, మందులు, చెప్పులు ఒక్క సంచిలో గుమ్మం దగ్గర కావాలి. మునిగే వీధిలో కారు మీద ఆశ పెట్టుకోకూడదు. 30 సెంటీమీటర్ల నీళ్లు చాలు చిన్న కారు తేలడానికి, 60 అయితే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి.

ఏదో ఒక రాత్రి, భోజనాలయ్యాక, ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషితో కలిసి బయల్దేరి, దగ్గర్లో ఉన్న మెరకకి నడిచి చూడండి. ఫోన్‌లో సమయం పెట్టుకోండి. పగలు ఆరు నిమిషాల దారి రాత్రి పదిహేను అవుతుంది. ఎక్కడ దీపం లేదో, ఏ మలుపులో కాలువ మీద బండ కదులుతోందో తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ వెనక గేటు రాత్రి పదింటికి తాళం వేస్తారని కూడా అప్పుడే తెలుస్తుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆ రాత్రే అడిగేయండి.